టర్న్ డ్యూటీ చార్టూ, ఆస్ట్రేలియా ఫుట్‌బాలూ

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



విదేశ యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. అబ్బాయి దగ్గర పెర్త్‌లో నాలుగు నెలలు ఉండి వచ్చాను. కంగారూల గురించి, సముద్ర తీరాల గురించి నాకంటే ముందు వెళ్ళొచ్చిన వారు ఈ వేదిక మీదే చెప్పారు. నేను అక్కడి ఫుట్‌బాల్ పోటీల షెడ్యూలు గురించి చెబుతాను. నవ్వకండి. ముప్పయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి ఎక్కడికి వెళ్ళినా చార్టులే కనబడతాయి.

అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతి, క్రికెట్ మైదానం, జట్టుకు పద్దెనిమిది మంది. కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది అందించవచ్చు, విసరకూడదు. గోలుకు 6 పాయింట్లు, కాస్త పక్కగా పోయినా 1 పాయింటు ఇస్తారు. గురి తప్పినవాడికి కూడా ఏదో ముట్టజెప్పే ఆట నాకు వెంటనే నచ్చింది.

మా మనవడు ఫ్రీమాంటిల్ జట్టు అభిమాని. ఒక శనివారం ఆ జట్టు మెల్‌బోర్న్‌లో ఓడిపోయింది. వాడు టీవీ కట్టేసి, "తాతయ్యా, అసలు షెడ్యూలే మోసం" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత చెప్పి నవ్వాను. వాడికి కోపం వచ్చింది. సరే, కాగితం పెన్సిలు తెమ్మన్నాను.

జట్లు 18. ప్రతి జట్టూ మిగతా పదిహేడింటితో సొంత ఊళ్ళో ఒకసారి, పరాయి ఊళ్ళో ఒకసారి ఆడాలంటే 34 ఆటలు. అంత మొరటు ఆట వారానికి ఒకటి మించి ఒళ్ళు ఓర్చుకోదు. వాళ్ళ సీజను మార్చిలో మొదలై సెప్టెంబరుకు ముగియాలి. అందుకని 2023 నుంచి జట్టుకు 23 ఆటలు పెట్టారు. అంటే అందరితో ఒక్కోసారి, ఏవో ఆరు జట్లతో మాత్రం రెండోసారి. ఆ ఆరు ఎవరన్నదే తగాదా. మన ఐ.పి.ఎల్.లో కూడా 2022లో పది జట్లయ్యాక ఇదే తంతు వచ్చింది: అయిదింటితో రెండేసి, నాలుగింటితో ఒక్కొక్కటి, వెరసి 14. మనం పట్టించుకోలేదు, వాళ్ళు పట్టించుకుంటారు.

ఒకప్పుడు వాళ్ళకీ లెక్క సరిపోయేది. 1970 నుంచి 1986 వరకు 12 జట్లు, 22 ఆటలు. పదకొండు రెళ్ళు ఇరవై రెండు. 1987లో పెర్త్, బ్రిస్బేన్ జట్లు చేరాయి. అక్కడ లెక్క చెడింది. 2028కి టాస్మేనియా జట్టును చేర్చుకోవాలని 2023లో నిర్ణయించారు. పంతొమ్మిదో జట్టు వస్తే వారం వారం ఎవరో ఒకరు ఖాళీగా కూర్చోవాలి.

ఆ ఆరుగురిని ఎంచడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. కిందటి ఏటి స్థానాలను బట్టి జట్లను ఆరేసి చొప్పున మూడు వర్గాలు చేసి, రెండోసారి ఆటలు ఎక్కువగా ఎవరి వర్గంలో వారికే వేశారు. బలవంతుడికి బలవంతుడు, బక్కవాడికి బక్కవాడు. ఇది నాకు అన్యాయమనిపించలేదు. అయితే ఒకే ఊరి జట్లను ఏటా రెండుసార్లు తలపడనివ్వాలి, ఎందుకంటే జనం వస్తారు. పెర్త్‌లో వెస్ట్ కోస్ట్, ఫ్రీమాంటిల్. ఆడిలైడ్‌లో మరో ఇద్దరు. పొరుగువాడు బలంగా ఉన్న ఏడు నీ ఖర్మ. ఇక టీవీ వారికి నచ్చిన జట్లకు మంచి రోజులు. ఏప్రిల్ 25న ఆన్జాక్ దినం ఆట 1995 నుంచి కాలింగ్‌వుడ్, ఎసెండన్ జట్లదే. అది రాసిచ్చిన ఈనాము లాగా ఉంది.

అన్నిటికంటే పెద్దది ప్రయాణం. పద్దెనిమిదింటిలో పది విక్టోరియా రాష్ట్రానివి, అందులో తొమ్మిది మెల్‌బోర్న్ నగరానివే. వాళ్ళకు పరాయి ఆట అంటే చాలాసార్లు ట్రాము ఎక్కి వెళ్ళేదే. పెర్త్ వాళ్ళకు మెల్‌బోర్న్ సుమారు 2,700 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళి తిరిగొచ్చినంత దూరం, అదీ ఒకవైపే. చివరి ఫైనలు మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలోనే జరగాలని 2059 వరకు ఒప్పందం ఉంది. కరోనా వల్ల 2020లో బ్రిస్బేన్‌కు, 2021లో పెర్త్‌కు పోయిందంతే. "2018లో వెస్ట్ కోస్ట్ అక్కడే కాలింగ్‌వుడ్‌ను 5 పాయింట్లతో ఓడించింది కదా నాన్నా" అన్నాడు మా అబ్బాయి. జ్వరంతో పరీక్ష రాసి పాసైన పిల్లవాణ్ణి చూపించి జ్వరం మంచిదే అంటామా?

"ఆటల సంఖ్య అందరికీ 23 సమానమే కదరా" అని మనవడితో వాదించబోయాను. ఆ మాట నోట్లోంచి వస్తూ ఉండగానే ఆగిపోయాను. అదే మాట నేను నలభై ఏళ్ళ క్రితం అని ఉన్నాను.

అప్పుడు ఒక జిల్లా కేంద్రంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. ఆఫీసు పేరెందుకు లెండి. సెలవు రోజుల టర్న్ డ్యూటీ చార్టు నా పని. ఏడాదికి మనిషికి నాలుగు రోజులు, అందరికీ సమానం. సూపరింటెండెంటు గారు సంతకం పెట్టేవారు. కానీ పోట్లాడే వారికి రెండో శనివారాలు పడేవి, నోరెత్తని వారికి పండగలు పడేవి. పనిగట్టుకుని అలా వేశానని చెప్పలేను. చెయ్యి అటు పోయేది. భర్త పోయిన ఒక టైపిస్టు మా సెక్షనులో ఉండేది. మూడో ఏడు కూడా చార్టు అంటించాక నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, లెక్క సరిగ్గానే ఉంది. సంక్రాంతి నాడు మా పాప ఒక్కతే ఇంట్లో ఉంటోంది, ఇది మూడోసారి" అంది. "అందరికీ నాలుగే కదమ్మా" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు, వెళ్ళి టైపు మిషను ముందు కూర్చుంది.

మనవడికి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "తర్వాత మార్చావా తాతయ్యా?" అని అడిగాడు. మార్చాను. మరుసటి ఏడు పండగలు విడిగా, మామూలు సెలవులు విడిగా రెండు పట్టికలు వేసి, పాత మూడేళ్ళ లెక్క కూడా కింద రాసి నోటీసు బోర్డులో పెట్టాను. ఇద్దరు ముగ్గురు గొణిగారు. అప్పటికి ఆమెకు వేరే ఊరు బదిలీ అయిపోయింది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. పెన్షను బకాయిల గురించి మాట్లాడవలసిన వారు నా వెనుక ఉన్నారు. సెలవు.