మన పద్దుల తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

(ఖమ్మం జిల్లా ముదిగొండలో మహిళా సంఘాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే స్త్రీలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమన్నారు. హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఈ విషయమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ముదిగొండ పేరు చెప్తే మనకు ముందు గుర్తొచ్చేది భూమి. 2007 జూలై 28న భూమి కోసం పోరాడుతున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపిన ఊరు ఇది. దున్నేవాళ్ళొకరు, హక్కుదారులొకరు ఎందుకయ్యారని ఆ పోరాటం అడిగింది. అదే ప్రశ్నను నేను ఇవాళ మన పద్దుల విషయంలో అడగదలచుకున్నాను. రాసేవాళ్ళొకరు, యజమానులొకరు ఎందుకవుతున్నారు?

సంఘం పెట్టిన కొత్తలో మనకు నేర్పిన పంచసూత్రాలు మీకందరికీ కంఠతా వచ్చు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, చివరిది పుస్తకాల నిర్వహణ. ఆ పుస్తకాలు సంఘం పెట్టెలో ఉండేవి. చదువురాని సభ్యురాలు కూడా ‘నా పేజీ తియ్యి, మీ అమ్మాయితో చదివించు’ అని అడగగలిగేది. లెక్క తప్పితే అక్కడే తగువు, అక్కడే పరిష్కారం. పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా సంఘమే తీర్మానించేది.

ఇప్పుడు పద్దులు ఫోన్లలోకీ కంప్యూటర్లలోకీ వెళ్ళాయి. ఇది చెడ్డదని నేననను. కూడికలు తప్పవు, కాగితం చెదపట్టదు. కానీ ఏ వివరం అడగాలి, ఏ లెక్క ఎవరికి కనపడాలి, తప్పు పడితే దిద్దే అధికారం ఎవరిది అన్నవన్నీ ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్ళు ముందే నిర్ణయించేస్తారు. మన చేతికి వచ్చేది నింపాల్సిన గళ్ళు మాత్రమే. తాళంచెవి మన తీర్మానాల పుస్తకంలోంచి జారిపోయింది.

ఇది ఊరికే చెప్తున్న మాట కాదు. 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ అప్పుల సంక్షోభం వచ్చింది. ఒకే ఇల్లాలికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి. వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యలు చూశాం. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాక గానీ అవి ఆగలేదు. ఆ రోజుల్లో ఒక్కొక్క స్త్రీ వాయిదా ఎంతో, ఎన్ని వారాలు మిగిలాయో కంపెనీల దగ్గర చక్కగా నమోదై ఉంది. అప్పు తీసుకున్న స్త్రీ దగ్గర తన అప్పులన్నీ కలిపి చూపే కాగితం ఒక్కటీ లేదు. లెక్క ఎవరి చేతిలో ఉంటే బలం వాళ్ళదే.

ఇక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో చూద్దాం. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు గ్నూ అనే పనికి పూనుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ, లోపల ఎలా పనిచేస్తుందో చూసి అవసరమైతే మార్చుకునే స్వేచ్ఛ, ఇతరులకు నకలు ఇచ్చే స్వేచ్ఛ, మార్చినదాన్ని కూడా పంచే స్వేచ్ఛ వాడేవాళ్ళకు ఉండాలన్నాడు. ఓపెన్ సోర్స్ అన్న పేరు తర్వాత 1998లో వచ్చింది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకే ఉచితమనీ స్వేచ్ఛ అనీ రెండర్థాలు ఉండడంతో వాళ్ళు ఇప్పటికీ వివరణ ఇచ్చుకుంటూనే ఉంటారు. మన తెలుగులో ఆ తంటా లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఉచితంగా ఇచ్చి మన వివరాలు పట్టుకుపోయే యాప్‌లు ఎన్నో ఉన్నాయి. డబ్బు తీసుకుని స్వేచ్ఛ ఇచ్చే పనివాళ్ళూ ఉన్నారు. ఈ తేడాయే మనకు ముఖ్యం.

రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకు ఇది విత్తనం మాటతో చెప్తే సరిపోతుంది. మన అమ్మమ్మలు గింజ దాచి, పక్కింటికి ఇచ్చి, మళ్ళీ ఏడు అదే గింజ వేసేవాళ్ళు. ఇప్పుడు ప్రతి ఏడూ పత్తి విత్తనం ప్యాకెట్ కొనాల్సిందే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు విత్తన బ్యాంకులు పెట్టుకుని పాత గింజను నిలబెట్టుకున్నారు. వాళ్ళే 2008 నుంచి సంఘం రేడియో నడిపారు. విత్తనం మనదైతే చాలదు, మన గొంతు వినిపించే యంత్రం కూడా మన చేతిలో ఉండాలని వాళ్ళు గ్రహించారు. సాఫ్ట్‌వేర్ విషయంలో మనం చేరుకోవాల్సిన చోటు అదే.

‘నకలు ఎవరికైనా ఇవ్వొచ్చంటే దాంతో బతుకుతెరువు ఎలా?’ అని అడుగుతారు. ఇక్కడ అమ్మేది సాఫ్ట్‌వేర్ ప్రతిని కాదు, పనిని. దాన్ని యంత్రంలో ఎక్కించడం, వాడడం నేర్పడం, తెలుగులోకి తేవడం, దుకాణానికో సంఘానికో తగినట్టు మార్చడం, చెడితే బాగుచేయడం, పద్దుల నకలు భద్రపరచడం, ఇవన్నీ కూలి గిట్టే పనులే. రెడ్ హ్యాట్ అనే అమెరికా కంపెనీ ఈ పద్ధతిలోనే పెరిగింది. 2019లో ఐబీఎం దాన్ని 34 బిలియన్ డాలర్లకు కొన్నది. మనకంత పెద్ద లెక్కలు అక్కర్లేదు. వ్యాపార లెక్కలకు పనికొచ్చే గ్నూఖాతా, ఈఆర్‌పీ నెక్స్ట్ రెండూ మన దేశంలో, ముంబైలో తయారైనవే. ఎవరైనా తెచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. కుట్టుపని కేంద్రానికీ, మిర్చి రైతుల సంఘానికీ, భద్రాచలంలో చిరుధాన్యాల బిస్కెట్లు చేసి అమ్ముతున్న ఆదివాసీ స్త్రీల బృందానికీ సరుకు లెక్క, అప్పు లెక్క కావాలి. ఆ పని చేసిపెట్టే అమ్మాయి పక్క ఊళ్ళోనే ఉంటే లైసెన్సు కింద బయటికి పోయే డబ్బు ఆమె కూలిగా ఇక్కడే ఉంటుంది.

పెద్ద నగరాల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీద చిన్న వ్యాపారాలు నడిపేవాళ్ళు నెలకోసారి కలుస్తుంటారు. ఒకరు తాము చేసిన పని చూపిస్తారు, మిగతావాళ్ళు ప్రశ్నలేస్తారు. చేతినిండా పని ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు కొంత అప్పగిస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి ఖాతాదారు అక్కడే దొరకవచ్చు. ఎంత తీసుకోవాలి, బాకీ ఎలా రాబట్టాలి, ఒప్పందం ఎలా రాయాలి లాంటి ఏ బడీ నేర్పని విషయాలు అక్కడ నోటిమాటగా అందుతాయి. చూడబోతే ఇది మన సంఘ సమావేశం లాంటిదే. కలుసుకోవడమే పెట్టుబడి.

మరి ఆ కలయికల్లో స్త్రీలెంతమంది? ఈ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ మీద 2002లో ఐరోపాలో చేసిన ఒక పెద్ద సర్వేలో స్త్రీలు 1.1 శాతమని తేలింది. 2017లో గిట్‌హబ్ చేయించిన సర్వేలో జవాబిచ్చినవాళ్ళలో 95 శాతం మగవాళ్ళు, 3 శాతం స్త్రీలు. తలుపు అందరికీ తెరిచే ఉందని చెప్పుకునే చోట ఇదీ పరిస్థితి. స్త్రీలకు ఆసక్తి లేదని తేలిగ్గా అనేస్తారు. అది అబద్ధమని చెప్పడానికి ఒక అనుభవం ఉంది. గ్నోమ్ అనే సాఫ్ట్‌వేర్ బృందం 2006లో వేసవి శిక్షణకు దరఖాస్తులు పిలిస్తే 181 వచ్చాయి. వాటిలో స్త్రీ ఒక్కరూ లేరు. అప్పుడు ప్రత్యేకంగా స్త్రీలకని పిలుపు ఇస్తే వందకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తర్వాత అదే ఔట్‌రీచీ అనే కార్యక్రమంగా పెరిగింది. స్త్రీలు లేక కాదు, పిలవక.

మనకు దగ్గర్లోని ఉదాహరణ కేరళ. అక్కడ కుటుంబశ్రీ స్త్రీలు 1999లో తిరువనంతపురంలో టెక్నోవరల్డ్ అనే యూనిట్ పెట్టి ప్రభుత్వ కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని చేపట్టారు. అది చూసి మరికొన్ని యూనిట్లు వచ్చాయి. అదే రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ చదువును స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చింది. మన దగ్గర 2005లో హైదరాబాదులో స్వేచ్ఛ అన్న పేరుతోనే సంస్థ మొదలైంది. కంప్యూటర్‌ను తెలుగులో వాడుకునేలా ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చే పని విద్యార్థులతో చేయించింది, బస్తీల్లో పిల్లలకు కంప్యూటర్ కేంద్రాలు నడిపింది. అంటే దారి కొత్తది కాదు, మన ఊరిదాకా రాలేదంతే.

రెండు ప్రమాదాల గురించి హెచ్చరించడం నా బాధ్యత. ఓపెన్ సోర్స్ అయినంతమాత్రాన అది మన పక్షం కాదు. మిఫోస్ అని చిన్న అప్పుల నిర్వహణకు ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. గ్రామీణ్ ఫౌండేషన్ దాన్ని మొదలుపెట్టింది. మంచి సాఫ్ట్‌వేరే, కానీ అది అప్పిచ్చేవాళ్ళ కోసం రాసింది. వాయిదా తప్పినవాళ్ళ జాబితా అందులో తీసుకోవచ్చు. ‘నా మీద ఉన్న అప్పులన్నీ కలిపితే ఎంత, ఏ వడ్డీ అన్యాయం’ అని అప్పు తీసుకున్న స్త్రీ అడిగితే జవాబు చెప్పేలా రాయాల్సింది ఎవరు? మనమే. రాసుకునే వీలు మాత్రం ఓపెన్ సోర్స్ ఇస్తుంది, రాసే పని అది చేసిపెట్టదు.

రెండో ప్రమాదం జీతం లేని చాకిరీ. ఈ రంగంలో స్వచ్ఛందంగా చెయ్యడం గొప్పగా చెప్తారు. ఆఫీసు నుంచి వచ్చాక వండిపెట్టేవాళ్ళున్న మగవాడికి సాయంత్రం ఖాళీ ఉంటుంది. నీళ్ళు, పొయ్యి, పిల్లలు, ముసలివాళ్ళు అన్నీ తన మీదే ఉన్న స్త్రీకి ఖాళీ ఎక్కడిది? సేవ పేరుతో స్త్రీల శ్రమను చౌకగా వాడుకోవడం మనకు కొత్త కాదు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఎన్నిసార్లు రోడ్డెక్కారో చూశాం. సంఘాల పద్దులు రాసే ఐకేపీ వీఓఏలు 2023లో జీతాల కోసం సమ్మె చెయ్యాల్సి వచ్చింది. మనం పెట్టుకునే కలయిక ఇంకో ఉచిత చాకిరీ కాకూడదు. నేర్చుకున్న పనికి రేటు ఉండాలి, ఆ రేటు పైకి చెప్పే ధైర్యం అక్కడ రావాలి.

అందుకని ముదిగొండ కోసం కొన్ని ప్రతిపాదనలు మీ ముందుంచుతున్నాను. చర్చించి మార్చండి.

ఒకటి. నెలకోసారి కలుద్దాం, పగటిపూట. చీకటిపడే వేళకు ఇళ్ళకు చేరేలా చూసుకుందాం. చంటిపిల్లలతో వచ్చేవాళ్ళకు చోటుండాలి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు గనుక ఒక నెల ఇక్కడ, ఒక నెల ఖమ్మంలో పెట్టుకోవచ్చు.

రెండు. చోటు అడుక్కోవద్దు, హక్కుగా అడుగుదాం. ఖమ్మంలో 2020 డిసెంబర్‌లో ఐటీ హబ్ తెరిచారు. స్త్రీల వ్యాపారాల కోసమని 2018 మార్చి 8న హైదరాబాదులో వీ హబ్ మొదలైంది. ప్రజల డబ్బుతో కట్టిన చోట్లలో డిగ్రీ చదివిన నగరం పిల్లలకే కాదు, పద్దులు రాసే వీఓఏకీ, డీటీపీ చేసే అమ్మాయికీ, మీసేవ కేంద్రంలో కూర్చునే కోడలికీ కుర్చీ ఉండాలి.

మూడు. మాట తెలుగులో సాగాలి, యంత్రం మీద ప్రతి ఒక్కరి చెయ్యీ పడాలి. ఒకరు చేస్తుంటే పదిమంది వెనక నిలబడి చూడడం శిక్షణ కాదు. ఎవరి చేతులు వెనక మిగిలిపోతున్నాయో, వాళ్ళు ఏ కులంవాళ్ళో కూడా గమనించుకోవాలి. భద్రాచలం వైపునుంచి వచ్చే కోయ స్త్రీలకు తెలుగు కూడా పరాయి భాషే. లాభం లేదని ఏ కంపెనీ కోయ భాషను పట్టించుకోకపోయినా, మార్చుకునే స్వేచ్ఛ ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఆ మాటలు వాళ్ళే పెట్టుకోవచ్చు.

నాలుగు. మొదటి పనిగా మన సంఘాల కోసమే ఒక అప్పుల లెక్క తయారు చేద్దాం. అప్పు తీసుకున్న సభ్యురాలి వైపునుంచి చూసే లెక్క. ఆమె అనుమతి లేకుండా ఆ వివరాలు సంఘం దాటి పోకూడదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం మనకు ఏమిస్తుందో, ఏమివ్వదో మనలో న్యాయవాదులు ఒకసారి వచ్చి చెప్పాలి.

ఐదు. పని దొరకడం మొదలయ్యాక ఒక్కొక్కరూ విడిగా కాంట్రాక్టర్ల దగ్గర కూలికి చేరకుండా 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద మనమే నమోదు కావచ్చు. మండల సమాఖ్యలు నడపడం తెలిసినవాళ్ళకు ఇది కష్టం కాదు.

చివరిగా ఒక్క మాట. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరదీపం కేంద్రాలకు వెళ్ళిన స్త్రీలకు సంతకం నేర్పితే చాలనుకున్నారు అధికారులు. దూబగుంట స్త్రీలు తమ బతుకును పోలిన పాఠం చదివి, అక్కడితో ఆగక, సారా దుకాణం మూయించారు. ఆ తర్వాత రాష్ట్రమంతా ఏం జరిగిందో మీకు తెలుసు. చదువు నేర్పినవాళ్ళు ఊహించని ప్రశ్నలు ఆ స్త్రీలు అడిగారు. ఇప్పుడు మనకు ఫోన్లో గళ్ళు నింపడం నేర్పుతున్నారు. నింపుదాం. నింపుతూనే, ఈ గళ్ళు ఎవరు గీశారు, నా అప్పు లెక్క నాకెందుకు కనపడదు అని అడుగుదాం. జవాబు రాకపోతే మన గళ్ళు మనమే గీసుకుందాం.

వచ్చే నెల ఎక్కడ కలవాలో, ఏ రోజైతే కూలి పోదో ఇప్పుడే తేల్చుకుని లేద్దాం. సెలవు.