ఎగువన వాన పడితే



సంగీతం, సాహిత్యం, కూచిపూడి నడుమ "విహారయాత్రల్లో భద్రత" గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు నిర్వాహకులు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. అర్ధరాత్రి సర్వర్లు పడిపోతే ఫోన్ మోగేది నాకే. ప్రమాదం రాకముందే కబురు అందాలన్నదే నా ఉద్యోగం. అయినా ఈ విషయంలో నాకు బుద్ధి చెప్పినవారు మా నాన్నగారు. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడు, ఆగస్టు నెలలో వాళ్ళని ఆరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌కి తీసుకెళ్ళాను. టిక్కెట్లు, హోటలు అన్నీ మూడు నెలల ముందే కొని పెట్టుకున్నాం. తీరా వెళ్ళేసరికి, ఈ పూట ఎవరినీ లోపలికి పంపడం లేదన్నాడు గైడు. తలెత్తి చూస్తే ఒక్క మబ్బు లేదు. ఎండ మాడ్చేస్తుంటే వరదేమిటని ఆయనతో గట్టిగానే దెబ్బలాడాను. నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరే, మన ఊళ్ళో చుక్క వాన పడకుండా గోదారి ఎన్నిసార్లు రాలేదురా? ఎగువనెక్కడో పడుంటుంది. పద" అన్నారు.

నాకు సిగ్గేసింది. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరినప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. భద్రాచలంలో 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. ఈ అంకెలు మా ఊళ్ళో పిల్లలకి కూడా నోటికొచ్చు. భద్రాచలంలో ఎంతుందో కనుక్కోకుండా మా తాతగారు పశువుల్ని లంకలోకి తోలేవారు కాదు. అలాంటి ఇంట్లో పుట్టి, పెద్ద చదువులు చదివి, పైకి చూసి వాన లేదన్నాను.

ఆ గైడు జాగ్రత్త వెనుక ఒక విషాదం ఉంది. యాంటిలోప్ కాన్యన్ అంటే ఇసుకరాతి బండల మధ్య సన్నని చీలిక. కొన్నిచోట్ల చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. నీళ్ళొస్తే పక్కకి తప్పుకునే చోటుండదు. 1997 ఆగస్టు 12న కొన్ని మైళ్ళ ఎగువన కురిసిన వాన వరదై వచ్చి, లోపలున్న 11 మంది యాత్రికుల ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే గైడు లేకుండా ఎవరూ లోపలికి వెళ్ళకూడదన్నారు. బండకి బిగించిన ఇనుప మెట్లు వచ్చాయి. ఎగువన వాతావరణం ఎలా ఉందో కనిపెట్టి చూసే ఏర్పాట్లు వచ్చాయి.

ఇక మనవాళ్ళ సంగతి. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లో, తలౌట్ దగ్గర బియాస్ నదిలో హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు ఫొటోలు దిగుతున్నారు. ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది పిల్లలు, వాళ్ళతో వచ్చిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. గేట్లు ఎత్తుతున్న సంగతి ఎత్తేవాళ్ళకి తెలుసు. రాళ్ళ మీద నిలబడ్డ పిల్లలకి ఆ కబురు అందలేదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడడానికి బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. మన రెండు రాష్ట్రాలవాళ్ళూ అందులో ఉన్నారు. సుమారు యాభై మంది పోయారు. ఆనాడు గోదావరిలో ప్రవాహం దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షలకి. ఆ లెక్క గట్ల కోసం, ఊళ్ళ కోసం పెట్టినది. బోటు మునగడానికి అందులో సగమే చాలింది. ఒకరికి పెట్టిన హెచ్చరిక ఇంకొకరికి పనికిరాదన్నది నేను ఈ ప్రమాదం నుంచి నేర్చుకున్న పాఠం.

ఈ రెండు చోట్లా నీటి సంగతి ఎవరికో ఒకరికి తెలుసు. ఆ తెలిసినవాడికీ, నీళ్ళ దగ్గరున్న మనిషికీ మధ్య కబురు తెగిపోయింది. మా వృత్తిలో అయితే, అలారం ఎన్నిసార్లు మోగినా ఎవరూ ఎత్తకపోతే అది మోగనట్టే లెక్క.

ప్రతి వేసవిలోనూ మన సంఘాలకి వచ్చే ఫోన్ల గురించి ఇక్కడున్న కార్యకర్తలకి చెప్పక్కర్లేదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లాడు స్నేహితులతో చెరువుకో జలపాతానికో వెళ్ళాడని మొదలవుతుంది. భౌతికకాయాన్ని ఇండియా పంపడానికి చందాలు పోగుచేయడంతో ముగుస్తుంది. ఆ చందాకి మనం ఎప్పుడూ వెనుకాడలేదు. వాళ్ళు బయలుదేరకముందు ఒక్క మాట చెప్పడానికి కూడా వెనుకాడకూడదు.

ఎక్కడికి వెళ్ళినా మూడు ప్రశ్నలు అడగండి. ఎగువన ఏముంది: డ్యామా, కొండా, వానా? ప్రమాదమొస్తే మనకి ఎలా తెలుస్తుంది? తెలిస్తే ఎటు ఎక్కాలి? వీటికి జవాబు చెప్పేవాళ్ళు లేకపోతే నీళ్ళలోకి దిగకండి. పారే నీరు ఆరంగుళాలుంటే చాలు, పెద్దమనిషిని కూడా పడగొడుతుంది. బోటు కదలకముందే లైఫ్ జాకెట్ కట్టుకోండి. ఫొటోలో బాగుండదని విప్పకండి. ఈ దేశంలో ఆకస్మిక వరద హెచ్చరికలు నేరుగా సెల్‌ఫోన్‌కి వస్తాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఆ మోత ఏమిటో, మోగితే ఏం చెయ్యాలో ముందే తెలుగులో చెప్పండి.

ఇంకొక్క మాట. ఎవరైనా మీ యాత్ర ఆపేస్తే, డబ్బు పోయిందని నాలాగా పోట్లాడకండి. ఏమీ జరగని రోజున ఆ జాగ్రత్తకి విలువ కనబడదు. థాంక్స్ చెప్పి వెనక్కి రండి.

నాన్నగారు మళ్ళీ అమెరికా రాలేకపోయారు. ఆ కాన్యన్ ఆయన చూడనేలేదు. మా ఇంట్లో ఒక ఫొటో మాత్రం ఉంది. మూసిన గేటు ముందు అమ్మ, నాన్న నిలబడి నవ్వుతుంటారు. ఆ వెనుక ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేదు.