బుద్ధి – ధృతి – సుఖం

(కార్తీకమాసంలో పలాసలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ప్రసంగానికి విషయం ఒక తల్లి అడిగిన ప్రశ్న. "పంతులుగారూ, మా పెద్దవాడు తెలివైనవాడు. విదేశంలో పెద్ద ఉద్యోగం. ఫోను చేస్తే దిగులు తప్ప మరో మాట ఉండదు. చిన్నవాడికి చదువు అబ్బలేదు. తోట చూసుకుంటూ హాయిగా ఉంటాడు. తెలివి ఎక్కువైతే సుఖం తగ్గుతుందా?" ఈ సందేహం ఆ తల్లి ఒక్కరిదే కాదు. పిల్లల మార్కుల కోసం స్వామికి మ్రొక్కుకునే ప్రతి ఇంటిలోనూ ఇది ఏదో ఒకనాడు తలెత్తుతుంది. శాస్త్రాన్ని దగ్గర ఉంచుకొని విచారిద్దాం.

శ్రీమద్భాగవతం తృతీయ స్కంధంలో విదురుడు మైత్రేయ మహర్షితో ఒక మాట అంటాడు. బొత్తిగా ఏమీ తెలియనివాడు సుఖంగా ఉంటాడు, బుద్ధికి ఆవలి తత్త్వాన్ని అందుకున్నవాడు సుఖంగా ఉంటాడు, నడుమ నిలిచినవాడే క్లేశపడతాడని దాని తాత్పర్యం. ఆ నడుమనున్నవారము మనమే. రాబోయే కష్టాన్ని ఊహించగలిగినంత తెలివి ఉన్నది, దానిని దాటగలిగినంత జ్ఞానం లేదు.

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయంలో నారదుని కథ ఇంకొక మెట్టు పైది. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం మొదలుగా తాను చదివిన విద్యలన్నింటినీ ఏకరువు పెట్టి, ఇన్ని తెలిసినా తనకు శోకం తీరలేదని ఆయన సనత్కుమారుని ఆశ్రయించాడు. దేవర్షికే విద్య ఒక్కటీ చాలనప్పుడు, పట్టాలతో శోకం తీరుతుందని మనము ఆశించడం ఎంతవరకు సబబు?

అయితే ఇక్కడ ఒక ప్రమాదమున్నది. ఈ రెండు ఘట్టాలు విని "అజ్ఞానమే హాయి" అని ఎవరైనా ఇంటికి వెళితే అది శాస్త్రానికి అపచారం. తైత్తిరీయోపనిషత్తు ఆనందాన్ని లెక్క కట్టేటప్పుడు మానుషానందానికి ఎవరిని కొలతగా తీసుకున్నది? యౌవనం, సాధుత్వం, అధ్యయనం, దేహబలం, సంపద అన్నీ కలిగినవానిని. చదువును ఆనందపు లెక్కలో చేర్చినదే కాని తీసివేయలేదు. అక్కడినుండి ఒక్కొక్క మెట్టుకు నూరు రెట్లుగా ఆనందాన్ని పెంచుతూ, ప్రతి మెట్టులోనూ కామం చేత దెబ్బతినని శ్రోత్రియునికి ఆ ఆనందం ఉన్నదని చెప్పినది. శ్రోత్రియుడంటే చదివినవాడు. ఆ చదువుకు నిష్కామత్వం తోడైనప్పుడే ఆ ఫలం. కనుక సుఖాన్ని తినివేసేది తెలివి కాదు. తెలివిని పట్టుకొని వ్రేలాడే కోరిక, పోలిక.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో భగవానుడు చెప్పిన క్రమాన్ని గమనించండి. ముందు బుద్ధిని సాత్త్వికం, రాజసం, తామసం అని మూడుగా విభజించాడు. చివర సుఖాన్నీ అలాగే మూడుగా విభజించాడు. ఈ రెండింటి నడుమ ధృతిని ఉంచాడు. ధృతి అంటే పట్టుదలతో కూడిన నిలకడ. ఈ క్రమంలో నాకు తోచే భావమిది: బుద్ధి నుండి సుఖానికి నేరుగా దారి లేదు. ధృతి అనే వంతెన మీదుగా పోవాలి. మన టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి పైకప్పు లేకుండా ఎండలోనే కొలువై ఉన్నాడు. ఎండను తప్పించుకొనక, నిందింపక నిలిచి ఉండడమే ధృతి అని ఆ దర్శనం చెబుతున్నట్లుంటుంది.

ఉద్యానవనం వంటిది కనుకనే మన ప్రాంతానికి ఉద్దానమనే పేరు వచ్చినదని పెద్దలు చెబుతారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఈ తోటలను దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు వేలకువేలుగా నేలకూలాయి. ఆ తరువాత తెలివైన రైతు లెక్క వేశాడు. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఈలోగా మరొక తుపాను రావచ్చును. ఆ లెక్కలో తప్పు లేదు. అదే లెక్క తెలిసి కూడా పక్క రైతు మొక్క నాటి, సందున అంతరపంట వేశాడు. ఇద్దరి తెలివీ ఒక్కటే. ఒకనికి తెలివి భయమై కూర్చున్నది, రెండవవానికి పనిగా మారినది. భేదం ధృతిలో ఉన్నది.

ఇక మన గుండెల్లో ముల్లుగా ఉన్న కిడ్నీ జబ్బు సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస ప్రాంతాలలో ఈ వ్యాధి ఎన్ని ఇండ్లలో దీపం ఆర్పినదో నేను చెప్పనక్కరలేదు. కారణం ఇదేనని నిపుణులు నేటికీ తేల్చలేదు. ఈ జబ్బు మొదట్లో పెద్దగా లక్షణాలు చూపదు. "పరీక్ష చేయిస్తే ఏమని తేలుతుందో, తెలియకపోతేనే హాయి" అని వాయిదా వేసేవారున్నారు. ఒళ్లునొప్పులకు దుకాణంలో ఏదో మాత్ర కొని మింగుతారు. అటువంటి మాత్రలు అదేపనిగా వాడితే మూత్రపిండాలకే హాని. ఈ హాయిని గీత ఏమంటుంది? మొదటా చివరా మోహమే కలిగించే తామస సుఖమంటుంది. రక్తపరీక్ష చేయించుకొని క్రియాటినిన్ ఎంతున్నదో తెలుసుకోవడం ఆ రోజుకు విషం వలె ఉంటుంది. కాని తెలిసినందువల్ల జాగ్రత్తపడి ఆయుర్దాయాన్ని నిలుపుకున్నవానికి అది అమృతమౌతుంది. మొదట విషం, పిమ్మట అమృతం అనేదే సాత్త్విక సుఖానికి భగవానుడిచ్చిన గుర్తు. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. దూరమనే సాకు కూడా తగ్గినది. స్వామికి మ్రొక్కుకోండి, పరీక్షా చేయించుకోండి. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

మా మనుమరాలు ఒక విషయం చదివి వినిపించింది. 2007లో ఇంగ్లండులో జరిగిన ఒక పెద్ద సర్వేను పరిశీలించిన పండితులు, బుద్ధిపరీక్షలో తక్కువ అంకెలు వచ్చినవారిలో సంతోషం తక్కువగా కనబడినదని చెప్పారట. ఎందువల్లనని వెదికితే చాలావరకు కారణాలు తక్కువ ఆదాయం, అనారోగ్యం, నిత్యకృత్యాలకు ఒకరి సాయం అవసరం కావడం వంటివేనట. అంటే మందబుద్ధి స్వయంగా దుఃఖం కాదు. వానికి సాయపడవలసినవారు సాయపడకపోతే అది దుఃఖమౌతుంది. ఆ తల్లి చిన్నకొడుకు హాయిగా ఉన్నాడంటే, వానికి తోట ఉన్నది, ఆదుకునే ఇల్లున్నది. ఆ రెండూ లేనివాని మాట ఏమిటి? తెలివి గలవానికి ఇక్కడ ఒక ఋణమున్నది. చదవడం రాని పొరుగువాని వెంట ఆసుపత్రికి వెళ్లి, కాగితాలలో ఉన్నది విడమరచి చెప్పడం ఆ ఋణం తీర్చే మార్గం. పెద్దకొడుకు దిగులుకు మందు కూడా బహుశః అక్కడే ఉన్నది. తనకోసమే తిరిగే బుద్ధి తననే నలుపుతుంది. ఇతరులకు పనికివచ్చిన బుద్ధి చల్లబడుతుంది.

పలాస జీడిపరిశ్రమ మనకు నిత్యం కనబడే గురువు. గింజపైనున్న పెంకులోని జీడిరసం చేతులు కాల్చుతుంది. ఆ కష్టానికి ఓర్చి మన అక్కచెల్లెళ్లు పప్పును బయటికి తీస్తారు. తరువాత గ్రేడులు కడతారు. 240 అంటే పౌనుకు సుమారు 240 పప్పులు, 320 అంటే ఇంకొంచెం చిన్నవి. బద్దలు, ముక్కలు వేరు. బజారుకు ఈ విభజన అవసరమే. కాని స్వామివారి చక్కెరపొంగలిలో బద్ద పడినా గుండు పడినా రుచి ఒక్కటే. పిల్లలను ర్యాంకులతో గ్రేడు కట్టడం బడికి అవసరమేమో, ఇంటికి అవసరం లేదు. భగవంతునికి అసలే లేదు.

కనుక నా విన్నపం మూడు మాటలు. మ్రొక్కుకునేటప్పుడు పిల్లలకు మంచి బుద్ధితోపాటు ధృతిని కూడా అడగండి. తెలియవలసినది తెలుసుకోవడానికి భయపడకండి. మీకు తెలిసినదానిని తెలియనివాని కష్టానికి వినియోగించండి. తెలివి సుఖాన్ని ఇస్తుందా, హరిస్తుందా అనే ప్రశ్నకు ఆ వినియోగమే సమాధానం చెబుతుంది.

స్వస్తి.