బాతు మాంసపు ఇగురు
(గ్రామ పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వీధిదీపములు, మంచినీటి చెరువు, పన్నుల వసూలు - వీనిని గూర్చి మేము తరచుగా చెప్పుచునే యున్నాము. నేడు ఒక వంటకమును గూర్చి చెప్పదలచితిమి. పంచాయతి సభలో వంట ముచ్చట యేమని కొందరికి తోచవచ్చును. కొంచెము ఓపికతో వినుడు.

కొల్లేటి పరిసరములందును, డెల్టా పొలములందును వరికోతలైన పిమ్మట బాతుల మందలు దిగుట మీరెరిగినదే. రాలిన గింజలను, నత్తలను, పురుగులను తిని అవి పెరుగును. వాని రెట్ట పొలమునకు ఎరువగును. అయినను నీచువాసన యనియు, గట్టి మాంసమనియు పలువురు బాతును వండుటకు వెనుదీయుదురు. కారణము తెలిసినచో ఈ రెండును మాన్పదగినవే.

బాతు తోక మొదట ఒక నూనె గ్రంథి కలదు. ఆ నూనెను ముక్కుతో ఈకలకు రాచుకొనుటచే బాతుకు నీరంటదు. వాసనకు ముఖ్యమూలము అదియే గనుక తోకతో సహా దానిని కోసి పారవేయవలెను. బాతు ఈకలు కోడి ఈకలంత సులభముగా ఊడవు. వేడినీట మరికొంతసేపు ముంచవలెను. పిదప పసుపు రాచి, మంటపై కాల్చి, శుభ్రముగా కడుగవలెను. ఈకలను, ప్రేగులను గోతిలో పూడ్చవలెను గాని కాలువలో వేయరాదు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము. మేము చెప్పునది పెంపుడు బాతును గూర్చియే. కొల్లేటికి వచ్చు పరజలు మున్నగు అడవి పక్షులను పట్టుటయు, అమ్ముటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో అంతర్జాతీయ రాంసార్ జాబితాకెక్కినది. అట్టి పక్షులు మీ గ్రామపు సంతకు వచ్చినచో అటవీశాఖవారికి తెలుపుట మీ బాధ్యత. అట్లే, తనంతట చచ్చిన బాతును ఎంత చౌకగా వచ్చినను వండరాదు, పశువైద్యశాలకు కబురంపవలెను. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు ప్రజలు మాంసమనిన భయపడిరి. 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడి లోపలిదాక తగులునట్లు ఉడికించినచో ఆ వైరసు నశించును. పచ్చి మాంసము తాకిన చేతులను, కత్తిని సబ్బుతో కడుగుట మరువరాదు.

ఇక వంట. క్రొవ్వుపట్టిన చర్మమును కొంత వేరుగా తీసి, కిలో ముక్కలకు చెంచాడు పసుపు, తగినంత ఉప్పు, చిన్న గిన్నెడు పుల్లని పెరుగు, రెండు చెంచాల అల్లము వెల్లుల్లి ముద్ద పట్టించి గంటసేపు ఉంచవలెను. మూకుడులో నూనె పోయనక్కరలేదు. తీసిన చర్మమును సన్నని సెగపై వేసినచో క్రొవ్వు కరగి వచ్చును. అందు మూడు చెంచాలు మాత్రము నిలిపి తక్కినది తీసివేయవలెను. అంతయు ఉంచినచో కూర జిడ్డుగా నుండి మసాలా రుచి తెలియదు. ఆ క్రొవ్వు బంగాళాదుంపల వేపుడునకు బహు బాగుండును.

పావుకిలో ఉల్లిపాయలు ఎఱ్ఱగా వేగిన పిమ్మట కరివేపాకును, ముక్కలను వేసి, ఊరిన నీరు ఇగురువరకు వేపి, వేడినీరు పోసి మూతపెట్టవలెను. లేత బాతు గంటలో ఉడుకును. గ్రుడ్లుడిగిన ముదురు బాతునకు రెండు గంటలైనను పట్టవచ్చును. తొందర పనికిరాదు. మిరియములు, ధనియములు, లవంగములు, దాల్చినచెక్క, గసగసాలు దోరగా వేయించి నూరి, చివరి పావుగంటలో కలుపవలెను. ఈ మాంసమునకు మిరపకారముకంటె మిరియపు ఘాటే నప్పునని మా అభిప్రాయము.

దింపిన పిదప కొంతసేపు కదల్పక, పైకి తేలిన క్రొవ్వును గరిటెతో తీసి, కొత్తిమీర చల్లి, వేడి అన్నముతో గాని గారెలతో గాని వడ్డింపవలెను.