కూలివాని పటము: పాశ్చాత్య చిత్రకళలో వాస్తవికత



గ్రంథాలయోత్సవ సభలో చిత్రకళను గూర్చి ప్రసంగము అనగానే, ఇది శ్రీమంతుల యింటి గోడలకు సంబంధించిన విషయమే గాని పల్లెవారికి దీనితో పనియేమి యని కొందరికి తోచవచ్చును. కాని పాశ్చాత్య చిత్రకళా చరిత్రలో ఒక ఘట్టము బాటప్రక్కన కంకర కొట్టుచున్న ఇద్దరు కూలీలతో మొదలయ్యెను. రేవును, ఉక్కు కర్మాగారమును కన్నులారా చూచిన విశాఖపట్టణ ప్రాంతీయులకు ఆ ఘట్టము పరాయిది కాదు.

1849లో గుస్తావ్ కూర్బే అను ఫ్రెంచి చిత్రకారుడు తన స్వస్థలమైన ఓర్నాన్ సమీపమున బండిలో పోవుచు ఆ ఇద్దరిని చూచెను. ఒకడు డెబ్బది యేండ్ల వృద్ధుడు, మరియొకడు పడుచువాడు. మరునాడు తన చిత్రశాలకు రమ్మని వారిని కోరి, వారి బొమ్మను ఇంచుమించు అయిదున్నర అడుగుల ఎత్తు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు గల పటముపై వ్రాసెను. వృద్ధుని ముఖము టోపీ నీడలో మరుగుపడినది. పడుచువాడు వెనుకకు తిరిగియున్నాడు. ఇద్దరి ముఖములును స్పష్టముగా కానరావు. కానవచ్చునది పని మాత్రమే. వృద్ధుని మేజోడు చిరిగి మడమ బయటపడియున్నది.

దీనిలో వింత యేమి? అంతటి పెద్ద పటమును రాజులకును, దేవతలకును, యుద్ధవీరులకును కేటాయించుట ఆనాటి ఐరోపాలో ఆచారము. కూలివానికి చిత్రములో చోటు లేకపోలేదు; కాని వాడు చిన్న చట్రములో త్రాగుచునో, నవ్వుచునో చూచువారికి వినోదము కలిగింపవలెను. కూర్బే ఆ కొలతను మార్చెను. అంతకు ముందటి సంవత్సరమే, 1848లో, ఫ్రాన్సులో విప్లవము చెలరేగి పురుషులందరికిని ఓటుహక్కు వచ్చెను. ఓటు గల కూలివాడు గోడమీద కూడ పెద్దవాడై కనబడునప్పటికి పై తరగతులవారికి కంటగింపాయెను. 1855లో పారిస్ మహాప్రదర్శనపు నిర్ణేతలు కూర్బే పటములలో ముఖ్యమైనవానిని త్రోసిపుచ్చగా, ఆయన ఆ ప్రదర్శన సమీపముననే తన సొంత ఖర్చుతో ఒక పందిరి వేయించి, దానికి ‘వాస్తవికత’ అని పేరు పెట్టెను.

ఈ మాటకు చిత్రకళలో రెండర్థములు కలవు. ఉన్నదానిని కంటికి కనబడినట్లు వ్రాయుట యొకటి. ఎవరిని వ్రాయదగునను ప్రశ్నకు సమాధానము రెండవది. మొదటిదానికి నేర్పు చాలును. రెండవదానికి ధైర్యము కావలెను. ఈ రెంటిని వేరుచేయకపోవుట చేతనే ‘అచ్చముగా ఫోటోవలె నున్నది’ అను మెప్పుతో చిత్రవిమర్శ ముగిసిపోవుచున్నది.

ఆ నేర్పు కొన్ని శతాబ్దములలో కూడినది. రైలుకట్టపై నిలిచి చూచినచో సమానదూరమున నున్న పట్టాలు దూరమున కలిసినట్లు తోచును. ఈ కంటి ధర్మమునకు 15వ శతాబ్దపు ఫ్లారెన్సు నగరములో బ్రూనెలెస్కీ లెక్క కట్టెను. 1435లో ఆల్బెర్టీ దానిని శాస్త్రముగా వ్రాసెను. ఆ కాలముననే ఉత్తర ఐరోపాలో వాన్ ఐక్ నూనెరంగుల పనిని పరాకాష్ఠకు తెచ్చెను. గ్రుడ్డుసొనతో కలిపిన రంగు వెంటనే ఎండిపోవును. అవిసెనూనెతో కలిపినది నెమ్మదిగా ఎండును గనుక పొరపై పొర వేసి ఇత్తడి మెరుపును, బొచ్చు మెత్తదనమును చూపవచ్చును.

ఈ పాశ్చాత్య దృష్టి విశాఖపట్టణమునకు చేరిన విధము ముచ్చటైనది. 18వ శతాబ్దములో ఇచ్చటి పనివారు ఏనుగుదంతము పొదిగిన పెట్టెలును, కుర్చీలును చేసి కుంపిణీ దొరలకు అమ్మెడివారు. దంతముపై సన్నని గీతలు చెక్కి వానిలో నల్లని లక్క నింపెడివారు. లతలు, పుష్పములు మాత్రమే గాక, సీమనుండి వచ్చిన అచ్చుబొమ్మలను చూచి, తామెన్నడును కనని సీమ భవనములను దూరదృశ్యముతో సహా చెక్కిరి. అట్టి వస్తువులు నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో కలవు. నేర్పునకు కొదువలేదు. దొర యిల్లు దంతముమీది కెక్కినది; చెక్కినవాని యిల్లు ఎక్కలేదు.

రెండవ విధమైన వాస్తవికతకు కూర్బేకు పూర్వమే బీజములు పడినవి. ఇటలీలో కారవాజియో (1571–1610) మేరీమాత మరణమును చిత్రించుచు, ఆమెను ఉబ్బిన దేహముతో, వట్టి పాదములతో, పేదయింటి పీనుగువలె చూపెను. ఏ మఠపు ఆలయమునకై అది వ్రాయబడెనో ఆ మఠమువారే దానిని నిరాకరించిరి. హాలెండులో వెర్మేర్ పాలు పోయుచున్న పనికత్తెను చిత్రించెను. అందు రొట్టెకు, కుండకు ఉన్న గౌరవము కొన్ని దేశములలో రాజులకును దక్కలేదు!

కూర్బే సమకాలికుడైన మిల్లే రైతుబిడ్డ. ఆయన 1857లో ప్రదర్శించిన చిత్రములో ముగ్గురు స్త్రీలు నడుములు వంచి, కోత ముగిసిన చేలో పరిగె ఏరుకొనుచుందురు. వెనుక దూరమున కామందు కుప్పలు, బండ్లు, గుఱ్ఱముమీద అజమాయిషీదారు. పరిగె అనగా నేమో పారిస్ విమర్శకులకు వివరింపవలసివచ్చెనేమో గాని ఆంధ్రదేశపు పల్లెలలో అక్కరలేదు. అందులో తిరుగుబాటు జాడ చూచి కొందరు బెదరిరి. ఆ స్త్రీలు ఎవరిపైనను చేయి యెత్తలేదు. వంగియుండుటయే వారి నేరము.

ఉక్కునగరమునకు మిక్కిలి దగ్గరిది జర్మను చిత్రకారుడు అడోల్ఫ్ మెంజెల్ 1872–75 నడుమ వ్రాసిన ‘ఇనుప మిల్లు’. దానికై ఆయన సైలీషియాలోని ఒక ఇనుప కర్మాగారమునకు పోయి నూరింటికి పైగా నమూనా బొమ్మలు గీసికొనెను. పటము నడుమ రైలుపట్టా కానున్న ఇనుము తెల్లగా కాగి రోలర్ల నడుమ ప్రవేశించుచుండును. పటకారులు పట్టిన కార్మికుల ముఖములపై ఆ వెలుగు పడుచుండును. ఎడమప్రక్క పని దిగినవారు ఒళ్లు కడుగుకొనుచుందురు. కుడిమూల, రేకు చాటున, కొందరు అన్నము తినుచుండగా, గంప పట్టుకొన్న ఒక పడుచు తలయెత్తి పటము చూచువారివంక చూచును. అందరిలోను బయటకు చూచునది ఆమె యొక్కతె. అగ్నిని వ్రాయగలవారు పలువురు కలరు. అన్నము గంపను మరువకుండుటలోనే మెంజెల్ గొప్పతనమున్నది.

తెలుగువారి యిండ్లలోనికి నూనెరంగుల పద్ధతి రవివర్మ ద్వారా వచ్చినది. 1894లో ఆయన బొంబాయిలో ముద్రణాలయము పెట్టి లక్ష్మీ సరస్వతులను అచ్చుపటములుగా వెలువరించెను. మొదటి విధమైన వాస్తవికత దేవతలకు దక్కెను. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు (1897–1925) ఆంగ్ల ప్రిన్సిపాలు కూల్డ్రే ప్రోత్సాహముతో బొంబాయి జె.జె. కళాశాలలో నేర్చి వచ్చి, శాస్త్రీయముగా అభ్యసించిన దేహరచనను భారతీయమైన గీతతో సమన్వయించెను. 28 ఏండ్లు నిండకమునుపే మశూచికముచే మరణించుట ఆంధ్ర చిత్రకళకు తీరని లోటు. మదరాసు కళాశాల అధ్యక్షుడు దేవీప్రసాద్ రాయ్ చౌదరి మలచిన ‘శ్రమ విజయము’ 1959లో మెరీనా తీరమున నెలకొల్పబడెను. నలుగురు కూలీలు ఒక బండను కదల్చుచుందురు. కూర్బే పటమునకు అది కంచుతో వచ్చిన బదులు.

విశాఖపట్టణ కథ ఇట్టి చిత్రములకు తగినది. 1933లో రేవు ప్రారంభమయ్యెను. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అను నినాదముతో సాగిన ఉద్యమములో పలువురు ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న శ్రీ పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. దానికొరకు అనేక గ్రామములవారు ఇండ్లు, పొలములు విడిచిరి. శంకుస్థాపనల ఛాయాచిత్రములు పత్రికలలో నిలిచినవి. పొలము విడిచినవాని ముఖము ఏ పటములో నిలువవలెను? గ్రంథాలయముల గోడలపై సాధారణముగా నాయకులు, దేవతలు ఉందురు. వల లాగు జాలరికి, కొలిమి యెదుట నిలుచు కార్మికునికి, చివరి పంట కోసిన ఆడుకూలికి అచ్చట ఒక మేకు కొట్టుటకు డ్రాయింగు మాస్టరును, ఇద్దరు ముగ్గురు బాలురును చాలుదురు. కూర్బేకు కావలసినది కూడ బండి ఆపి, మరునాడు రమ్మనుటయే.

ఆ రాళ్లు కొట్టువారి పటము నేడు లేదు. జర్మనీలోని డ్రెస్డెన్ ప్రదర్శనశాలకు చెందిన ఆ చిత్రము 1945లో బాంబుదాడికి గురియై దగ్ధమయ్యెను. అంతకుముందు తీసిన ఛాయాచిత్రములు మాత్రము మిగిలినవి. వానిలో ఆ వృద్ధుని మేజోటి చిరుగు నేటికిని కనబడుచున్నది.