రోగిని అడుగవలసిన మాటలు

(షోలాపురమున మన సంఘ భవనములో, నర్సింగు విద్యార్థినుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మేము నూలు వర్తకము చేసికొనువారము. మా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచినది. నర్సింగు చదువుచున్న మీ యెదుట మాట్లాడుటకు మాకు గల అర్హత ఒక్కటే: సంఘపు పని మీద ఆసుపత్రుల వరండాలలో గడపిన గంటలు. మగ్గము పనివారికో, బీడీలు చుట్టు తల్లులకో జబ్బు చేసినపుడు "మాట కాస్త చెప్పి పెట్టండి" యని మమ్ము పిలుతురు. కనుక రోగికిని నర్సుకును నడుమ మాట యెక్కడ జారిపోవునో మాకు కొంత తెలియును.

ఆసుపత్రిలో మొదట జరుగునది మందిచ్చుట కాదు, అడుగుట. జ్వరమును, రక్తపు పోటును యంత్రము చెప్పును. నొప్పి యెప్పుడు మొదలైనది, దేనితో హెచ్చును, దేనితో తగ్గును అనునవి మాత్రము రోగి నోటనే రావలెను. ఫ్లోరెన్సు నైటింగేల్ సుమారు 1860లో రోగుల సేవను గూర్చి వ్రాసిన పుస్తకములో దీనిని గూర్చి గట్టిగా చెప్పినది. రాత్రి సుఖముగా గడచినదా యని అడిగిన లాభము లేదట. ఎన్ని గంటలు నిద్రపోయెను, రాత్రి ఏ యే వేళల నిద్రపోయెను అని అడుగవలెనట. ఇది మనవారికి మరింత వర్తించును. తెల్లకోటు వారు "బాగుందా?" యన్న "బాగుందమ్మా" యనుట మన మర్యాద. ఆ మర్యాదను జవాబుగా వ్రాసికొన్నచో కాగితము నిండును గాని రోగము బయటపడదు.

మనకు మరాఠీ రాదని కాదు. ధర, తూకము, అప్పు, వాయిదా అన్నియు మరాఠీలోనే నడుపుచున్నాము. కాని నొప్పి వచ్చినపుడు నోట వచ్చునది తల్లిభాష. పోటు, సలుపు, మంట, తీపు, గుంజు, తిమ్మిరి, వీనిలో ఏ రెండును ఒకటి కావు. వీనినన్నిటిని కలిపి "నొప్పి" యని ఒక్క ముక్కలో దించినపుడు వైద్యునకు చేరవలసిన ఆధారములో సగము మధ్యనే పోవును. మదురలోనైనను, బళ్ళారిలోనైనను, బరంపురములోనైనను పొరుగు భాష పేరు మారును గాని సంగతి మారదు.

కొన్ని మాటలు పోవుటయే గాక తిరుగబడును. "నీళ్ళాడినది" యనగా ప్రసవించినదని. మాటకు మాట దించిన స్నానము చేసినదని యగును. "పెద్దమనిషి అయినది" యన్న వయసు మీరినదనుకొందురు. అవ్వ "వేడి చేసినది" యనును. ఆమె భావము మూత్రములో మంట. మనుమడు దానిని జ్వరమని చెప్పును. చూచిన జ్వరముండదు, అవ్వ అబద్ధమాడినట్లు తేలును! చేతి ఫోనులలో అనువాద యంత్రములు వచ్చినవి గదా యందురు. ఈ మూడు మాటలను వానికి ఇచ్చి పరీక్షించి చూడుడు.

ఇది నవ్వులాట కాదు. 1980లో అమెరికాలోని ఫ్లారిడాలో 18 ఏండ్ల యువకుని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చిరి. స్పానిషు మాట్లాడు బంధువులు "ఇంతోక్సికాదో" యనిరి. తిన్నదేదో పడలేదని వారి ఉద్దేశము. ఇంగ్లీషులో దానిని పోలిన మాటకు మత్తెక్కినవాడని అర్థము గనుక, మత్తుమందు మితిమీరినదని ఆసుపత్రివారు తలచిరి. అసలు జరిగినది మెదడులో రక్తస్రావము. అది తెలియునప్పటికి ఆలస్యమై కాళ్ళు చేతులు పడిపోయినవి. తరువాత కుదిరిన పరిహారము జీవితకాలమునకు సుమారు 7 కోట్ల డాలర్లని లెక్క వేసిరి. ఒక్క మాట ఖరీదది.

ఇక వయసును బట్టి అడుగు తీరు. పుట్టిన బిడ్డను అడుగలేము, చూడవలెను. డాక్టరు వర్జీనియా ఆప్గార్ 1953లో ప్రకటించిన పద్ధతి మీకు పాఠమే: గుండె కొట్టుకొనుట, శ్వాస, కండరముల బిగువు, తాకినపుడు చలనము, రంగు, ఒక్కొక్కదానికి 2 చొప్పున మొత్తము 10. మన బిడ్డల ఛాయకు రంగును చర్మముపై గాక నాలుకపైని, చిగుళ్ళపైని చూచుట మేలు. దగ్గుతో వచ్చిన పసివాని శ్వాసను, వాడు ఏడ్వనపుడు, పూర్తిగా ఒక నిమిషము లెక్కింపవలెను. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40, అంతకు చేరిన వేగశ్వాస యని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈ అంకెలు తల్లులకును తెలిసియుండవలసినవి. కొంచెము పెద్దవానిని తల్లి ఒడిలోనే యుంచి, గుండెను ముందు విని, గొంతు చెవి చివరకు చూడవలెను. నోరు తెరిపించిన తరువాత వాడు మరి దేనికిని లొంగడు.

పదునాలుగు పదునైదేండ్ల బాలికను అడుగునపుడు తల్లిని కాసేపు బయట కూర్చుండబెట్టుడు. మన పెద్దలకు ఇది కష్టము తోచునని యెరుగుదుము. అయినను తల్లి యెదుట నెల సంగతి గాని, మనసులోని దిగులు గాని ఏ పిల్ల చెప్పును?

పనివారిని అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఏమి పని చేయుదువు? 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జీని వైద్యులు తప్పక అడుగవలసినదిగా చేర్చిన ప్రశ్న యిది. ప్రత్తి దుమ్ము వలన వచ్చు బిసినోసిస్ అను జబ్బులో, సెలవు తరువాత పనికి పోయిన మొదటి దినముననే ఛాతీ బిగియుట ఆరంభ లక్షణము. కావున "ఆయాసమున్నదా" యని మాత్రమే అడుగరాదు. ఏ వారము, పనికి పోయిన ఎన్ని గంటలకు అని అడుగవలెను. ఈ ఊరిలో ఈ ప్రశ్న మరచిన కాగితము అసంపూర్ణమని మా అభిప్రాయము.

వృద్ధుల విషయమున కొంత నిలువవలెను. వారికి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండ, వట్టి ఆయాసముగనో నిస్సత్తువగనో రావచ్చును; లోపల చీము పట్టినను జ్వరము రాకపోవచ్చును. అవ్వ "నీరసముగా నున్నది" యన్న వయసు మీద త్రోసివేయరాదు. ఎప్పుడైన పడినదా, ఏ యే మందులు మ్రింగుచున్నది, ఆకు పసరులతో సహా, సంచి విప్పించి చూడవలెను. కోడలు జవాబు చెప్పుచున్నపుడు అవ్వ ముఖమును చూడుడు. అన్నిటికంటె ముఖ్యము జ్ఞాపకశక్తి పరీక్ష. తేదీ చెప్పుమని, మాటలు తిరిగి చెప్పుమని, ఒక వాక్యము వ్రాయుమని అడుగుదురు. బడి యెరుగని అవ్వను పరభాషలో ఇవి అడిగిన తబ్బిబ్బగును. మతి పోయినదని వ్రాయుట జరుగును. అదే అవ్వ తెలుగులో మాసము, పక్షము, తిథి తప్పక చెప్పగలదు. మాసముల పేర్లు మరాఠీ వారికిని మనకును ఒకటే గనుక ఇచ్చట ఆ జవాబును సరిచూచుట సులభము.

రాజ్యాంగమున 1956లో చేరిన 350-ఏ అధికరణము పిల్లల ప్రాథమిక విద్య మాతృభాషలో సాగుటను గూర్చి చెప్పును. రోగి మంచము ప్రక్కన భాషను గూర్చి అందులో లేదు. ఆ పని మనమే చేసికొనవలెను.

తల్లిదండ్రులతో ఒక మాట. ఇటీవల ఒక ఆసుపత్రిలో తొమ్మిదేండ్ల బాలుడు తన మేనత్తకు దుబాసీగా నిలిచినాడు. రక్తస్రావమును గూర్చి నర్సు అడుగగా వాడు తల వంచుకొన్నాడు. ఆమె "ఏమీ లేదు" అన్నది. మరునాడు మన సంఘపు స్త్రీ యొకరు ఆమెను ప్రక్కకు పిలిచి తెలుగులో అడుగగా మూడు నెలల బాధ బయటపడినది. పిల్లలను ఈ పనికి పంపకుడు. బరువు మోయలేని వయసు వారిది, దాచి చెప్పవలసిన మాటలు వారికి వినదగినవియు కావు.

కార్యవర్గము నిశ్చయించినదేమనగా, ఉభయ భాషలు తెలిసిన పెద్దవయసు స్త్రీ పురుషుల పేర్లు నమోదు చేసి, పిలుపు వచ్చినపుడు ఆసుపత్రికి పంపుట. వారు రోగి మాటను ఉన్నదున్నట్లు చెప్పవలెను. తమ సలహాలు చేర్చరాదు, విన్నది వీధిలో చెప్పరాదు. స్త్రీలకు స్త్రీలే పోవుదురు. నర్సింగు బాలికలు రోగి పలికిన తెలుగు మాటను అట్లే వ్రాసి, దాని ప్రక్కన అర్థము వ్రాయుట అలవరచుకొనవలెను. నొప్పుల పేర్లను, స్త్రీల వాడుకలను తెలుగు లిపిలోను, వాని మరాఠీ అర్థములను నాగరి లిపిలోను చిన్న పుస్తకముగా అచ్చు వేయింపనున్నాము. ఖర్చు వర్తకులము భరింతుము. మీమీ యిండ్లలో అవ్వలు వాడు మాటలు మాకు కావలెను. కాగితము మీద వ్రాసి, ఏ బాధకు ఆ మాట అనెదరో ప్రక్కన గుర్తించి, వచ్చు ఆదివారము లోపల సంఘ కార్యాలయమున ఇచ్చునది.