ఇచ్చిన కుర్చీ, తెచ్చుకున్న కుర్చీ
(నాంపల్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నాంపల్లిలో గాంధీభవన్ నుంచి అసెంబ్లీకి నడిచిపోవచ్చు. కానీ ముఖ్యమంత్రి కుర్చీదాకా నడిచిన దళితుడు ఇంతవరకు ఒక్కడే, దామోదరం సంజీవయ్య. ఆయన గురించీ, ఆయనకు ముందు అమెరికాలో అట్లాంటి కుర్చీ ఎక్కిన ఒక నల్లమనిషి గురించీ ఇవాళ మాట్లాడదలిచాం.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం వెతికితే లింకన్ జీవితచరిత్ర దొరుకుతది. పించ్‌బ్యాక్ చరిత్ర దొరకడం కష్టం. ఆయన 1837లో పుట్టాడు. తల్లి బానిసత్వం నుంచి బయటపడ్డ స్త్రీ, తండ్రి తెల్ల భూస్వామి. తండ్రి చావగానే, మళ్లీ బానిసల్ని చేస్తారన్న భయంతో కుటుంబం ఒహాయోకు పారిపోయింది. పిల్లవాడు పడవల మీద పనికి కుదిరాడు. అంతర్యుద్ధంలో నల్ల సైనికులకు కెప్టెన్ అయ్యాడు. వివక్ష భరించలేక రాజీనామా చేశాడు. 1871లో లూసియానా రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యాడు. 1872 డిసెంబర్‌లో తెల్ల గవర్నర్ వార్మత్‌పై అభిశంసన వస్తే, గవర్నర్ కుర్చీలో కూర్చున్నాడు. ఎన్నాళ్లు? 35 రోజులు! తర్వాత అమెరికా సెనేట్‌కు ఎన్నికైతే, మూడేళ్లు తిప్పి 1876లో సీటు లేదు పొమ్మన్నారు. అమెరికాలో మరో నల్ల గవర్నర్ రావడానికి 1990 దాకా పట్టింది.

ఎందుకని? ఓటే గుంజుకున్నారు గనుక. 1898లో లూసియానా కొత్త రాజ్యాంగం రాసుకొని చదువుండాలె, ఆస్తుండాలె, లేదంటే తాతకు ఓటుండాలె అన్నది. బానిస తాతకు ఓటెక్కడిది? 1896లో లక్షా 30 వేల మంది ఉన్న నల్ల ఓటర్లు, 1904 నాటికి 1,342 మంది మిగిలారు.

పించ్‌బ్యాక్ చనిపోయిన 1921లోనే కర్నూలు దగ్గర పెదపాడులో సంజీవయ్య పుట్టారు. ఆయనకూ పసితనంలోనే తండ్రి పోయాడు. లా చదివారు, మంత్రి అయ్యారు. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ పోతే, ఖాళీ అయిన కుర్చీలో 1960 జనవరి 11న కూర్చున్నారు. 26 నెలల్లో ముసలివాళ్లకు పింఛను పెట్టారు, బంజర్లు పంచారు, 1961లో ఏసీబీని నిలబెట్టారు. 1962 ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచింది. అయినా కుర్చీ మళ్లీ సంజీవరెడ్డికే పోయింది. సంజీవయ్యను పార్టీ అధ్యక్షుణ్ణి చేశారు. గౌరవమిచ్చి అధికారం తీసుకోవడమంటే ఇదే.

ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో గానీ, 2014లో వచ్చిన తెలంగాణలో గానీ మరో దళిత ముఖ్యమంత్రి లేడు. తెలంగాణ తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట గాలికి పోయింది.

మనోడొకడు పైకెక్కితే చాలు అనుకుంటాం. చాలదు. ఎక్కించినవాడు దించగలడు. మన ప్రతినిధిని మన ఓటే ఎన్నుకోవాలనే బాబాసాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు అడిగిండు. 1932 పూనా ఒప్పందంతో అది చేజారింది. అయినా ఓటు మిగిలింది. లూసియానాలో అదీ మిగల్లేదు.

అందుకే వాడవాడలో ఓటరు జాబితా తెరిచి చదవండి. పేరు లేనివాళ్లను ఎక్కించండి. మాల మాదిగలు ఒకచోట కూర్చోండి, బీసీలతో, ముస్లింలతో మాట్లాడండి. టికెట్ కోసం గేటు బయట నిలబడేది మానండి. మనం తెచ్చుకున్న కుర్చీలోనే మనం నిలుస్తాం.

జై భీమ్!